ముప్పై ఒకటో తల

ప్రొఫెసర్ రాడెరిక్ ఫెన్విక్‌కు భవిష్యత్తు తెలుసు. ఆ సంగతి ఆయనే చెప్పుకుంటాడు కాబట్టి కాదనే ఓపిక ఎవరికీ లేదు. దక్షిణపు కొనన ద్వీపంలో ఉన్న హోబర్ట్ ఊళ్ళో, కొండ కింది ఆసుపత్రి మూడో అంతస్తులో కూర్చుని, మెదడు బొమ్మ చూసి ఈ మనిషికి అయిదేళ్ళలో ఎమ్మెస్ జబ్బు వస్తుందో రాదో నూటికి ఇంత అని చెప్పే యంత్రం ఆయన తయారుచేశాడు. యంత్రమంటే పెద్ద సామానేమీ కాదు, కంప్యూటరు తెర మీద ఒక చక్రం. స్కాన్‌ను అందులోకి తోస్తే చక్రం గిర్రున తిరిగి ఆకుపచ్చలోనో ఎరుపులోనో ఆగుతుంది. అక్టోబరు తిరునాళ్ళలో షో మైదానంలో ఖరీదు లేని ఎలుగుబంటి బొమ్మల కోసం తిప్పే చక్రమే కాస్త నయమని మెరిన్ ట్రెగెన్నా అభిప్రాయం. అక్కడ ఓడితే ఓడావని మొహం మీదే చెబుతారు.

మెరిన్ ఆ ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్ళుగా ఎమ్మారై స్కాన్లు తీస్తోంది. ఫెన్విక్ మీద ఆమెకున్నది కోపం కాదు. కోప్పడాలన్నా అవతలి మనిషికి కాస్త బరువుండాలి. ఆయన అందరినీ భుజం తట్టి "రాడ్ అని పిలవండి, మనమంతా ఒకటే జట్టు" అంటాడు. జట్టు కష్టపడితే ఫొటోలో మాత్రం ఆయనొక్కడే ఉంటాడు. మెరిన్ ఆయన్ని ఏనాడూ రాడ్ అనలేదు, నిండుగా "ప్రొఫెసర్" అంటుంది. ఆ ద్వీపంలో రాడ్ అనమన్నవాణ్ణి ప్రొఫెసర్ అనడమంటే తలుపు మొహాన వేయడమే. ఆయన దాన్ని గౌరవం అనుకుని పొంగిపోతుంటాడు.

నిజం చెప్పాలంటే మెరిన్‌కు చిన్నచూపు ఒక్క ఫెన్విక్ మీదే కాదు, రోగులు అడిగే ఒక ప్రశ్న మీద కూడా ఉంది. యంత్రంలోంచి బయటికి రాగానే, తల కదలకుండా బిగించే పంజరం నుదుటి మీద నొక్కిన గీతతో, కాళ్ళకు మేజోళ్ళతో బల్ల అంచున కూర్చుని అందరూ ఒకటే అడుగుతారు. కొందరు లోపల మెదడంటూ ఉందా అని హాస్యమాడతారు, కొందరు బూట్లు తొడుక్కుంటూ నేలకేసి చూసి అడుగుతారు. ఏ దారిన వచ్చినా ప్రశ్న అదే, "ఏమైనా కనిపించిందా?" మెరిన్ జవాబు కూడా ఒకటే. నేను బొమ్మలు తీస్తానంతే, డాక్టరు చెబుతారు. అది నియమం. నియమం లేకపోయినా ఆమె అదే అనేది. అయిదు రోజుల తర్వాత తెలిసేది అయిదు నిమిషాల్లో తెలుసుకుని ఏం ఉద్ధరిస్తారని ఆమెకు విసుగు. అంత ఆత్రం మనిషికి పనికిరాదని ఆమె లెక్క. చావు కబురు చల్లగా చెప్పడానికి ఆసుపత్రిలో వేరే జీతగాళ్ళున్నారు.

ఆ జవాబుకు తగ్గ ముఖం కూడా ఆమెకుంది. లోపల ఎంత ఘోరం కనిపించినా ఆ ముఖం మీద ఈగ వాలినంత మార్పు కనిపించదు. ఆరేళ్ళ కిందట బర్నీ ఊరి నుంచి టీగన్ అనే అమ్మాయి సహాయానికి వచ్చినప్పుడు మెరిన్ ఆమెకు మొదట నేర్పింది యంత్రం కాదు, ఆ ముఖమే. టీగన్ మొదటి వారంలోనే ఒక బడిపంతులమ్మ మెదడులో గడ్డ చూసి కళ్ళనీళ్ళతో బయటికొచ్చింది. పంతులమ్మ ఆ కళ్ళు చదివేసి అక్కడే కూలబడిపోయింది. మెరిన్ టీగన్‌ను దుప్పట్ల గదిలోకి లాక్కెళ్ళి చీవాట్లు పెట్టింది. ముఖానికి గోడ కట్టుకో, దానికి కిటికీ కూడా పెట్టకు అంది. ఏడాది తిరిగేసరికి శిష్యురాలి గోడ గురువు గోడను మించిపోయింది. మెరిన్ దాన్ని తన జీవితంలో చేసిన మంచి పనుల్లో ఒకటిగా లెక్కేసుకుంది.

ఇక ఫెన్విక్ చక్రం సంగతి. దానికి రెండు వరసల తలలు కావాలి. జబ్బు వచ్చినవాళ్ళవి ఒక వరస, నిక్షేపంలా ఉన్నవాళ్ళవి ఒక వరస. రెండింటినీ పక్కపక్కన పెట్టి చక్రానికి తేడా నేర్పాలి. నరాల మీది తొడుగును ఒళ్ళే కొరుక్కు తినే ఆ జబ్బుకు, ఎండ మొహం సరిగా ఎరగని ఆ దక్షిణపు కొనలో కరువు లేదు. వీధికొకరు చేతికర్రతో కనిపిస్తారు. కరువల్లా ఆరోగ్యవంతులకే. వాళ్ళు ఊరికే వచ్చి యంత్రంలో ఎందుకు పడుకుంటారు?

అలా పుట్టుకొచ్చింది గురువారం తలల ఆచారం. గురువారం నాలుగింటికి రోగుల వంతు అయిపోగానే ఆ అంతస్తులో ఖాళీగా ఉన్న నర్సో, వంటింటి మనిషో, స్ట్రెచరు తోసేవాడో గడియారం, బెల్టు తీసేసి బల్లెక్కేవారు. ప్రతిఫలం స్కాలప్ పై అనే ఒక పిండివంట, ఆల్చిప్ప మాంసం కూర దట్టంగా కూరి, పొగలు కక్కుతూ, రేవు దగ్గరి దుకాణం నుంచి వచ్చేది. సైన్సు కోసం కాకపోయినా దాని కోసం చాలామంది పడుకున్నారు. రెండేళ్ళలో అరవై ఎనిమిది తలలు పోగయ్యాయి. అందరికీ సంతకం కాగితం చదివి వినిపించింది మెరినే. అనుకోనిదేదైనా కనిపిస్తే ముప్పై రోజుల్లో ప్రొఫెసర్ స్వయంగా మీకు తెలియజేస్తారు, ఎప్పుడైనా ఏ కారణమూ చెప్పకుండా మీ బొమ్మలు వెనక్కి తీసుకోవచ్చు. చదివి చదివి ఆ వాక్యాలు ఆమెకు నోటికి వచ్చేశాయి.

ఆమె తల ముప్పై ఒకటోది. రెండేళ్ళ కిందట ఆకులు రాలే కాలంలో ఆ స్కాన్ టీగన్ తీసింది. అయిపోగానే వచ్చి పంజరం విప్పి, "అయిపోయింది. స్కాలప్ పై చల్లారిపోతోంది, తిను" అంది. మెరిన్ తింది. ముప్పై రోజులు గడిచాయి, ఎవరూ పిలవలేదు. పిలుస్తారని ఆమె అనుకోనూ లేదు.

ఈ అక్టోబరులో చక్రం పూర్తయింది. నూటికి తొంభై ఆరు సార్లు తప్పు లేకుండా చెబుతోందట. పెద్ద పత్రికవాళ్ళు వ్యాసం వేసుకుంటామన్నారట. కాకి పిల్ల కాకికి ముద్దు కాబట్టి, ఫెన్విక్ వారం రోజులు కారిడారులో ఎవరు దొరికితే వాళ్ళకి చక్రం తిప్పి చూపించాడు. సహాయం చేసిన ఆరోగ్యవంతులకు కృతజ్ఞతగా ఎవరి మెదడు బొమ్మ వాళ్ళకు అచ్చువేసిన కాఫీ కప్పులు తెప్పించాడు. కప్పుల పెట్టె రాగానే టీ గది సంతలా తయారైంది. ఎవరి మెదడు లావుగా ఉంది, ఎవరిది అక్రోటులా ముడుచుకుపోయింది అని ఒకటే పోలికలు. టీగన్ కప్పు వచ్చింది, వంటింటివాళ్ళవి వచ్చాయి, పెట్టె ఖాళీ అయిపోయింది. మెరిన్‌కు మాత్రం లేదు.

"చూశారా, అనుమానం తీరిపోయింది" అన్నాడు స్ట్రెచరు తోసే ముసలాయన. "మెరిన్ తల బోలు."

అందరూ నవ్వారు. మెరిన్ కూడా నవ్వింది. టీగన్ ఒక్కతే నవ్వకుండా తన కప్పు కడగడానికి వెళ్ళిపోయింది. పెట్టె మూత లోపలివైపు నంబర్ల జాబితా అంటించి ఉంది. అరవై ఏడింటికి ఎదురుగా టిక్కు గుర్తులు. ముప్పై ఒకటికి ఎదురుగా, తొలగింపు, కారణం, తల కదిలింది.

మెరిన్ దాన్ని రెండు సార్లు చదివింది. ఆమెకు ముందు కలిగింది భయం కాదు, ఒళ్ళుమంట. కదిలిందా? ఎవరి తల? యంత్రాన్ని సరిచేయడానికి మెల్‌బోర్న్ నుంచి వచ్చే ఇంజనీర్లు నమూనా మనిషిగా ఏరికోరి పడుకోబెట్టుకునేది ఆమెనే. నలభై నిమిషాలు ముక్కు దురద పెట్టినా కనురెప్ప తప్ప ఏదీ కదపదు. పైగా ఆ గదిలో ఎవరి తల కదిలినా అక్కడికక్కడే మళ్ళీ తీయాలని, కదిలిన బొమ్మ గుమ్మం దాటకూడదని నియమం పెట్టింది కూడా ఆమే. ఆ సంగతి ఆ అంతస్తులో పిల్లికి కూడా తెలుసు. అబద్ధం రాసేటప్పుడు కూడా ఆ గది గురించి వాకబు చేయని మనిషి మెదళ్ళ గురించి ప్రపంచానికి చెబుతాడట. ఫైలు ఎక్కడో పోగొట్టుకుని తన మీద తోసేశాడని, ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని ఆమె అనుకుంది. పాత బొమ్మలు తెరిచి, గీత చెదరని బొమ్మలని నిరూపించి, వాటిని ఆయన బల్ల మీద పరచాలని నేరుగా స్కాన్ గదికి వెళ్ళింది.

బొమ్మలు తెరుచుకున్నాయి. గీత చెదరలేదు. శీతాకాలం పొద్దున కారు అద్దం మీది మంచు గీతల్లా ఒక్కో మడతా విడివిడిగా ఉంది. మెరిన్ గర్వంగా ఒక్కో పొరా కిందికి జరుపుకుంటూ వెళ్ళి, పదకొండో పొర దగ్గర ఆగిపోయింది.

తెల్లని మచ్చలు, మొత్తం ఏడు. మెదడు నడుమ నీటిగదుల అంచున రెండు కోలమచ్చలు వేళ్ళు నిలబెట్టినట్టు నిటారుగా ఉన్నాయి. ఆ అచ్చు ఆమెకు తన చేతిరాత కన్నా బాగా తెలుసు. పంతొమ్మిదేళ్ళలో కొన్ని వేల మంది తలల్లో చూసింది. చూసిన ప్రతిసారీ నేను బొమ్మలు తీస్తానంతే అంది. పైన పేరు మళ్ళీ చదివింది. పుట్టిన తేదీ చదివింది. రెండూ ఆమెవే.

మొన్న జులైలో ఎడమ కన్ను మసకబారి మూడు వారాలు ఇబ్బంది పెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కన్ను తిప్పితే లోపల గుచ్చేది. అంగడిలో ఎర్రటి ఆపిళ్ళు వెలిసిపోయిన ఇటుకల్లా కనిపించేవి. వీధి చివరి డాక్టరు తెరలు చూసి చూసి అలిసిపోయిందన్నాడు, కళ్ళద్దాలు మార్చుకోమన్నాడు. ఆమె మార్చుకుంది. ఈ ఏడు మచ్చలూ చేతపట్టుకుని వెళ్ళుంటే ఆ డాక్టరు కళ్ళద్దాల మాట ఎత్తేవాడు కాదు. ఈ జబ్బుకు మందుంది. పోయినదాన్ని తెచ్చివ్వదు, ఉన్నదాన్ని కాపాడుతుంది. ఎంత ముందు మొదలుపెడితే అంత మిగులుతుంది. ఆమెకు తెలియకుండానే రెండేళ్ళు పోయాయి, ఇంకెంత మిగిలిందో తెలియదు.

భయం వేసింది. ముప్పై మెట్లున్న తన ఇల్లు, రోగులకు సూది గుచ్చాల్సిన తన చేతులు కళ్ళముందుకొచ్చాయి. గదిలో ఇంకెవరూ లేరు. అయినా గాజు తలుపులో కనిపించిన తన ముఖం మీద గోడ చెక్కుచెదరలేదు. చూసి తనకే అసహ్యమేసింది.

మర్నాడు పొద్దున మొదటి రోగి రాకముందు టీగన్ టీ తెచ్చింది. మెరిన్ తీసుకోలేదు.

"ముప్పై ఒకటో తల చూశావా నువ్వు?"

టీగన్ రెండు కప్పులూ బల్ల మీద పెట్టింది. "చూశాను."

"ఎప్పుడు?"

"నువ్వింకా లోపలుండగానే. రెండో విడత బొమ్మలకే."

"చూసి, బయటికొచ్చి, తిను అన్నావు."

"మరేమనాలి? డాక్టరు చెబుతాడు, మనం నోరు మెదపకూడదని నా నెత్తిన మేకు దిగ్గొట్టింది నువ్వు కాదూ?" టీగన్ గొంతు పెరగలేదు. "ముప్పై రోజులు లెక్కపెట్టాను మెరిన్. తర్వాత కూడా నువ్వు మామూలుగానే ఉన్నావు. చెప్పేసుంటాడనుకున్నా. నీ ముఖం చూసి ఏం కనిపెట్టేది? చచ్చినా ఎవరికీ చెప్పుకునే రకం కాదాయె. అందుకే నేనూ అడగలేదు. బరువైన డబ్బాలన్నీ రెండేళ్ళుగా నేనే ఎత్తుతున్నాను, చూడలేదా?"

మెరిన్ చూసింది. తన ఉద్యోగం మీద కన్నేసి మంచి చేసుకుంటోందని అనుకుంది. టీగన్‌ను నాలుగు మాటలని కడిగేద్దామని వచ్చింది. ఆ మాటలన్నీ తిరిగి తన మీదకే వస్తున్నాయి. తాను తీసిన గోతిలో తానే పడింది, పైగా ఆ గోయి ఎంత లోతు తవ్వాలో ఈ పిల్లకు దగ్గరుండి నేర్పింది.

మధ్యాహ్నం ఫెన్విక్ గదికి వెళ్ళింది. ముప్పై ఒకటి అనగానే ఆయన లేచి తలుపు మూశాడు. కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. ఆయన చాలాసేపు చెప్పాడు. ఆరోగ్యవంతుల వరసలో ఆరోగ్యంగా లేని తల పెడితే చక్రం గందరగోళపడుతుందట. జబ్బు వరసలో పెడదామంటే జబ్బు ఇంకా రాలేదాయె. రాబోతున్నవాళ్ళకంటూ వరస లేదు. పత్రికవాళ్ళకు ఏదో ఒక కారణం రాయాలి కదా, అందరూ రాసేదే రాశాడట. రాబోయేది చెప్పే యంత్రంలో రాబోతున్నవాళ్ళకే చోటు లేదని ఆ నోటితోనే చెబుతూ ఆయన ఎక్కడా తడబడలేదు.

ముప్పై రోజుల మాటేమిటని ఆమె అడిగింది.

"నువ్వప్పుడు బాగానే ఉన్నావు కదా మెరిన్" అన్నాడాయన, గొంతులో తేనె పోసుకుని. "ఎంతోమందికి మచ్చలుంటాయి, జన్మంతా ఏమీ రాదు. చెప్పి నీ నిద్ర పాడుచేయమంటావా? నేనూ మనిషినే."

అది పూర్తిగా అబద్ధం కాదు, అందుకే మరీ రోత పుట్టింది. నిద్ర పోయినా కన్ను దక్కేదని ఆమె అంది. జులైలో కన్ను మసకబారిన సంగతి, ఎరుపు వెలిసిపోయిన సంగతి పొడిపొడిగా చెప్పింది. అయ్యో అంటాడేమోనని ఆమె చూడలేదు గానీ, కనీసం తల దించుకుంటాడని అనుకుంది.

ఫెన్విక్ ముఖం వెలిగిపోయింది. గబగబా తెర వైపు తిరిగి ఆమె స్కాన్ వెతికి తీసి చక్రంలోకి తోశాడు. చక్రం తిరిగి తిరిగి ఎరుపులో ఆగింది. ఎనభై ఒకటి.

"చూశావా! రెండేళ్ళ కిందటి బొమ్మతోనే పట్టేసింది! ఇప్పుడు నీకు లక్షణం కూడా వచ్చింది కాబట్టి నిన్ను రెండో వరసలో చేర్చొచ్చు. వ్యాసం ఇంకా అచ్చుకు పోలేదు. తొంభై ఆరు కాస్తా తొంభై ఏడవుతుంది. పేరు పెట్టం, నంబరే." ఇంకేదో గుర్తొచ్చినట్టు నవ్వాడు. "కప్పు కూడా చేయిస్తానులే."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాణ్ణి మెరిన్ చాలామందిని చూసింది. నాలుగో కాలు తానే విరగ్గొట్టి, చూశారా మూడే అని మురిసిపోయేవాణ్ణి చూడటం ఇదే మొదలు. మంచి బట్టలు, మంచి దువ్వెన, గోడ మీద నాలుగు పట్టాలు, వాటి కింద ఇంత చిన్న ప్రాణి. ఆమెకు అరవాలనిపించలేదు.

"మీ చక్రానికి నా సంగతి తెలుసు ప్రొఫెసర్. మీకు తెలుసు. టీగన్‌కు తెలుసు. ఈ తల మోసుకు తిరుగుతున్నదానికొక్కదానికే తెలియదు. ఇప్పుడు లాన్సెస్టన్‌లో నరాల డాక్టరుకు ఉత్తరం రాయండి. నేనిక్కడే నిలబడతాను."

ఆయన రేపు రాస్తానన్నాడు. ఆమె కదల్లేదు. కదలకుండా ఉండటం ఆమెకొచ్చినంత బాగా ఆ ఊళ్ళో ఎవరికీ రాదు. పావుగంటలో ఉత్తరం పూర్తయింది. అది చేతికందాక ఆమె జేబులోంచి ఇంకో కాగితం తీసింది. బొమ్మలు వెనక్కి తీసుకునే పత్రం. అది ఫెన్విక్‌కు పోదు, పరిశోధనలో మంచిచెడ్డలు చూసే సంఘానికి పోతుంది. కారణం రాయనక్కర్లేదని అందులో స్పష్టంగా ఉంది. అయినా ఆయన బల్ల మీదే, ఆయన కలంతోనే రాసింది. తల కదల్లేదు. బొమ్మలు జతచేశాను, చూసుకోండి.

అది చదివి ఆయన మొదటిసారి ఆమెను ట్రెగెన్నాగారూ అన్నాడు. మన జట్టు అన్నాడు, పదేళ్ళ శ్రమ అన్నాడు. ఆమె కలం మూత పెట్టి, కలం ఆయనకిచ్చి వచ్చేసింది.

లాన్సెస్టన్ డాక్టరు ఉత్తరం చూడగానే కొత్త స్కాన్ కావాలన్నాడు, ఇప్పుడు రగులుతున్న మచ్చలకే పట్టే రంగు మందు ఎక్కించి తీయమన్నాడు. కొత్త మచ్చలుంటే అదే వారం మందు మొదలుపెడతానని, లేకపోతే ఆగి చూద్దామని చెప్పాడు. ఇంకో చోట తీయించుకోవచ్చు. మెరిన్ తన యంత్రాన్నే కోరుకుంది, గురువారం నాలుగింటికి, టీగన్ చేతనే.

లోపల యంత్రం సుత్తులతో బాదుతున్నంతసేపూ ఆమె కదల్లేదు. కానీ పంతొమ్మిదేళ్ళుగా ఎవరెవరు ఆ గొట్టంలో ఏమేం అనుకుని ఉంటారో అన్నీ అనుకుంది. మధ్యలో ఒకసారి, పిలవడానికి చేతికిచ్చిన రబ్బరు బంతి నొక్కి ఆపేయమనాలనిపించింది. అప్పుడు టీగన్ గాజు అవతల ఏం చూస్తోందో, ఏ పొర దగ్గర ఆగిందో అని లెక్కలు వేసింది. ఇంతమంది తన గాజు తలుపు కేసి ఇలా చూస్తుంటే తాను వాళ్ళను పిరికివాళ్ళనుకుంది.

బల్ల బయటికి జరిగింది. టీగన్ వచ్చి పంజరం విప్పింది, చేతిలోంచి సూది తీసి దూది నొక్కిపెట్టింది. ఆ ముఖం మీద గోడ నున్నగా, బీట లేకుండా ఉంది. మెరిన్ లేచి బల్ల అంచున కూర్చుంది. కాళ్ళకు మేజోళ్ళు, నుదుటి మీద గీత. నేలకేసి చూస్తూ అడిగింది.

"ఏమైనా కనిపించిందా?"

టీగన్ దూది మీద పట్టీ అతికించింది. అతికిన పట్టీనే రెండుసార్లు నొక్కింది. తర్వాత వచ్చి ఆమె పక్కన బల్ల అంచున కూర్చుంది.

"రెండు కొత్తవి" అంది. "ఒకటి రంగు పట్టింది. మిగతాది డాక్టరు చెబుతాడు. కానీ రెండు కొత్తవి, మెరిన్."

చెబుతూ ఏడ్చేసింది, బర్నీ నుంచి వచ్చిన మొదటి వారం ఏడ్చినట్టే, ముక్కు ఎర్రబడేలా. మెరిన్ ఈసారి దుప్పట్ల గదికి లాక్కెళ్ళలేదు. కాస్త జరిగి ఆమెకు చోటిచ్చింది.